ఇసుక కింది తీపినీరు: దక్షిణ చెన్నై సముద్రతీర వాడలలో కాపురం

తిరువాన్మియూరు దాటి దక్షిణంగా పోయే తూర్పు తీర రహదారికి ఎడమచేతి వైపున, రోడ్డుకూ సముద్రానికీ నడుమ ఒక సన్నని ఇసుక పట్టీ ఉన్నది. కొట్టివాక్కం, పాలవాక్కం, నీలాంగరై, ఇంజంబాక్కం, ఉత్తండి అనే ఊళ్లు దాని మీద వరుసగా వెలసినవి. 2011 వరకు ఇవన్నీ గ్రామ పంచాయతీలు. ఆ సంవత్సరం చెన్నై నగర పాలక సంస్థ పరిధి 174 చదరపు కిలోమీటర్ల నుండి 426కు విస్తరించినప్పుడు నగరంలో విలీనమైన 42 స్థానిక సంస్థలలో ఇవీ ఉన్నవి. పేరుకు నగరమే గాని, పల్లె పోకడ ఇంకా పూర్తిగా పోలేదు. చీకటి పడగానే సద్దుమణిగే అడ్డవీధులు, కొబ్బరిచెట్లు, అక్కడక్కడ మిగిలిన సరుగుడు చెట్లు, వీధి చివర అలల హోరు ఇప్పటికీ కనిపిస్తవి, వినిపిస్తవి.

పాత మహాబలిపురం రహదారి వెంట సాఫ్ట్‌వేర్ కార్యాలయాలు వచ్చిన తరువాత, అద్దెకో సొంతానికో ఇక్కడ ఇల్లు చూసుకొనే తెలుగు కుటుంబాలు పెరిగినవి. వచ్చినవారు సాధారణంగా అడిగేవి మూడు: అద్దె ఎంత, బడి ఎంత దూరం, బస్సు ఎక్కడ ఆగుతుంది. వీటికంటె ముందుగా అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉన్నది: ఈ ఇంటికి నీళ్లు ఎక్కడి నుండి వస్తున్నవి? ఈ వ్యాసంలో సగానికి పైగా ఆ ఒక్క ప్రశ్నకే కేటాయించినాము. ఇక్కడి తక్కిన సౌఖ్యాలన్నీ దాని మీదనే ఆధారపడి ఉన్నవి గనుక అది అనుచితం కాదని మా నమ్మకం.

రెండు ఉప్పునీళ్ల నడుమ

పటం తెరిచి చూస్తే ఈ ఊళ్లకు తూర్పున బంగాళాఖాతం, పడమట బకింగ్‌హాం కాలువ కనిపిస్తవి. కాలువ మనకు పరాయిది కాదు. ఆంధ్రతీరంలోని పెదగంజాం వద్ద కృష్ణా డెల్టా కాలువలను అందుకొని, నెల్లూరు తీరం మీదుగా మద్రాసు చేరి, దక్షిణాన మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు సాగిన పడవల మార్గం అది. ఒకప్పుడు మద్రాసుకు ధాన్యమూ, వంటచెరకూ తెలుగు జిల్లాల నుండి దాని మీదనే వచ్చేవి. ఇప్పుడు పడవలు లేవు. నగరంలోని కాలువలో ఆటుపోట్లకు ఎక్కిదిగే ఉప్పునీరూ, ఊరి మురుగూ మిగిలినవి.

తూర్పునా ఉప్పే, పడమటా ఉప్పే. అయినా ఈ నడిమి ఇసుకలో ఎక్కువ లోతు పోకుండానే తియ్యని నీరు పడుతుంది. కొత్తగా వచ్చినవారికి ఇది వింతగా తోస్తుంది. వాన కురిసినప్పుడు నీరు ఇసుకలోకి సులభంగా ఇంకుతుంది. మంచినీరు సముద్రపు నీటికంటె తేలిక. అందుచేత ఇంకిన వాన ఉప్పునీటిలో వెంటనే కలిసిపోక, దాని మీద తేలుతూ, మధ్య మందంగానూ అంచుల వద్ద పలుచగానూ ఒక పొరగా నిలుస్తుంది. భూగర్భజల శాస్త్రంలో దీనికి ఒక ప్రసిద్ధమైన లెక్క ఉన్నది. సముద్ర మట్టానికి పైన ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిచి ఉంటే, దాని బరువు సముద్ర మట్టానికి దిగువన సుమారు 40 అడుగుల దాకా ఉప్పునీటిని అణచి ఉంచుతుంది.

ఈ లెక్క వినుటకు హాయిగా ఉంటుంది గాని, దానిని తిరగవేసి చూడాలి. పైన ఒక అడుగు మట్టం తగ్గితే కింద ఉప్పు 40 అడుగులు పైకి జరుగుటకు దారి ఏర్పడుతుంది. అది ఆ రోజే జరగదు. ఇసుకలో నీటి నడక నెమ్మది. నెలలు పట్టవచ్చు, ఏళ్లు పట్టవచ్చు. అందుకే అతిగా తోడిన రోజున ఎవరికీ ఏమీ తెలియదు. తెలిసిన రోజున మోటారు ఆపినా ఉప్పు వెంటనే వెనక్కి పోదు. ఎన్నో వానకాలాలు దానిని కడగవలసి వస్తుంది. చెన్నైకి ఉత్తరాన మింజూరు ప్రాంతంలో నగరానికీ, పరిశ్రమలకూ, సాగుకూ దశాబ్దాల తరబడి భూగర్భజలం తోడిన ఫలితంగా సముద్రపు ఉప్పు తీరం నుండి కొన్ని కిలోమీటర్ల లోపలికి చొచ్చుకొని వచ్చినది. దక్షిణ తీరంలో అలా జరగకూడదనే జాగ్రత్తకు అదే ప్రధానమైన నిదర్శనం.

ఇక్కడ మన వారిలో తరచుగా కనిపించే ఒక భ్రమను గురించి చెప్పవలసి ఉన్నది. రాయలసీమలోనో తెలంగాణలోనో పెరిగినవారికి బోరు అంటే లోతు. ఆ ప్రాంతాలలో నీరు రాతి పగుళ్లలో ఉంటుంది. 300 అడుగులలో పడకపోతే 500 అడుగులకు పోవుట అక్కడి అలవాటు. ఆ అనుభవంతో ఇక్కడ కూడ, వేసవిలో నీరు సన్నగిల్లగానే, బోరును మరింత లోతుకు దించమని పనివారికి చెబుతారు. తీరపు ఇసుకలో ఇది సరిగా తలకిందుల వైద్యం. లోతుకు పోయిన కొద్దీ ఉప్పుకు దగ్గరవుతాము. పైగా పెద్ద మోటారు ఒకే చోట గంటల తరబడి లాగితే, సరిగ్గా దాని కిందనే ఉప్పునీరు బోర్లించిన గరాటు ఆకారంలో పైకి ఉబికి వస్తుంది. ఈ నేలకు తగినది తక్కువ లోతు వరల నుయ్యి. ఇక్కడివారు దానిని ఉరై కిణరు అంటారు. చిన్న మోటారు పెట్టి, ఉదయం కొంతసేపు, సాయంత్రం కొంతసేపు తోడి, నడుమ నీరు ఊరుటకు వ్యవధి ఇవ్వడం మేలు. పాత కాపురస్తులు శాస్త్రం చదవకుండానే ఈ పద్ధతి పాటించినారు.

ఉప్పు ఎంత కలిస్తే నీరు చెడుతుంది? మనం అనుకొనేదానికంటె చాల తక్కువ. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35,000 మిల్లీగ్రాముల లవణాలు ఉంటవి. వంద బిందెల మంచినీటిలో రెండు బిందెల సముద్రపు నీరు కలిస్తే, లీటరుకు దాదాపు 700 మిల్లీగ్రాముల లవణం అదనంగా చేరుతుంది. తాగునీటిలో కరిగిన లవణాలు మొత్తం 500 మిల్లీగ్రాములు మించకుండుట మంచిదని భారతీయ ప్రమాణాల సంస్థ నిర్ణయం. వేరే ఆధారం లేనప్పుడు మాత్రమే 2,000 దాకా ఒప్పుకొంటారు. అంటే వందకు రెండు పాళ్ల ఉప్పునీరు చాలు, మంచి నుయ్యి వంటింటికి పనికిరాకుండా పోవుటకు. సబ్బు నురగ కట్టకపోవడం, పప్పు ఉడకడానికి ఆలస్యం కావడం, కుళాయిల మీద తెల్లని పెచ్చు పేరుకోవడం, కాఫీ రుచి మారడం చూసినప్పుడు, నీటిని ప్రయోగశాలకు పంపి పరీక్ష చేయించండి. శుద్ధి యంత్రం కొని ఊరుకొనేవారున్నారు. అది తాగే నీటిని సరిచేస్తుంది, నూతిని సరిచేయదు.

భూమి కింద ప్రహరీ గోడలు లేవు

తీరపు నీటి విషయంలో అసలు చిక్కు ఇదే. పైన స్థలం ఎవరిది వారిదే అయినా, కింద ఉన్నది ఒకే నీరు. ఒక అపార్ట్‌మెంటు వారు లోతు బోరుతో తోడినందుకు వచ్చే ఉప్పు వారి గేటు దగ్గర ఆగదు. నీరు చెడినప్పుడు అద్దెకున్నవారు ఇల్లు మారగలరు. ఉన్నవారు లారీ నీళ్లు కొనగలరు. అదే వీధి చివర కుప్పంలో తరతరాలుగా ఉన్న మత్స్యకారులకు ఆ రెండు దారులూ లేవు. వారి నుయ్యి తీరానికి మనకంటె దగ్గరగా ఉంటుంది గనుక ఉప్పు ముందుగా చేరేది కూడ వారికే. ప్రశాంతమైన పరిసరాలను వెదుక్కొని వచ్చిన మనం, ఆ పరిసరాలలో ముందునుండి ఉన్నవారి బిందెలోని నీటితో ముడిపడి ఉన్నామని గుర్తించకపోతే, ఎంత మర్యాదగా నడుచుకొన్నా అది పొరుగుతనం అనిపించుకోదు.

చట్టం ఈ సంగతిని చాలకాలం కిందటనే గుర్తించినది. చెన్నై మహానగర ప్రాంత భూగర్భజల నియంత్రణ చట్టం 1987లో వచ్చినది. దాని పరిధిలో ప్రకటించిన ఊళ్లలో నుయ్యి గాని బోరు గాని వేయుటకు అనుమతి తీసుకోవాలి. భూగర్భజలాన్ని లారీలలో తరలించుటకు లైసెన్సు ఉండాలి. 2011 నాటి తీర నియంత్రణ మండల ప్రకటన మరింత కఠినం. సముద్రపు పోటు గీత నుండి 200 మీటర్ల లోపల స్థానిక జనుల సొంత వాడకానికి మాత్రమే నీరు తోడవచ్చుననీ, 200 నుండి 500 మీటర్ల నడుమ వేరే ఆధారం లేనప్పుడు మామూలు నూతుల నుండి చేదుకోవచ్చుననీ అందులో ఉన్నది. 2019లో మరొక ప్రకటన వచ్చినది. ఇటువంటి నియమాలు మారుతూ ఉంటవి. బోరు వేసేవాడు ఏమీ అక్కరలేదని అన్నా సరే, ముందుగా మెట్రో వాటర్ కార్యాలయంలోనూ మండల కార్యాలయంలోనూ విచారించండి.

కుళాయి నీటి సంగతి కొంత ఊరట కలిగిస్తుంది. తూర్పు తీర రహదారి మీదనే, నగరానికి దక్షిణాన నెమ్మేలి వద్ద సముద్రపు నీటిని మంచినీరు చేసే కర్మాగారం 2013లో ప్రారంభమైనది. దాని సామర్థ్యం రోజుకు 10 కోట్ల లీటర్లు. 2024లో దాని పక్కన 15 కోట్ల లీటర్ల రెండవ కర్మాగారం వచ్చినది. దక్షిణ చెన్నైకి ఇవి పెద్ద ఆధారాలు. నగరపు చెరువులకు వచ్చే కృష్ణా జలాలు వేరు. 1983 నాటి తెలుగు గంగ ఒప్పందం ప్రకారం ఆ నీరు 1996లో తమిళనాడు సరిహద్దు చేరినది. చెన్నైలో ఉండి కృష్ణ నీళ్లు తాగుతున్నామని మనవారు మురిసిపోవుటకు కారణం లేకపోలేదు. అయితే సముద్రపు నీటిని శుద్ధి చేయుటకు వెయ్యి లీటర్లకు సుమారు మూడు, నాలుగు యూనిట్ల విద్యుత్తు పడుతుంది. ఆ నీటితో కారు కడుగుట ఎంత ఖరీదైన వినోదమో వేరే చెప్పనక్కరలేదు. లారీ నీరు కూడ ఆకాశం నుండి ఊడిపడదు. చాలవరకు నగరం బయటి వ్యవసాయ బావుల నుండి వస్తుంది. 2019 వేసవిలో నగరపు నాలుగు పెద్ద చెరువులూ దాదాపు అడుగంటినప్పుడు, ఈ పరిసరాలలో లారీ కోసం రోజుల తరబడి ఎదురుచూసిన కుటుంబాలు ఎన్నో.

మేడ మీది వాన

చెన్నైలో సంవత్సరానికి సగటున సుమారు 1,400 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో సగానికి మించి అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలోనే. 100 చదరపు మీటర్ల మేడ మీద ఏడాదికి పడేది 1,40,000 లీటర్లు. అయిదవ వంతు వృథా పోయినదనుకొన్నా 1,12,000 లీటర్లు నేలలోకి పంపవచ్చు. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున నలుగురున్న ఇంటికి ఇది సుమారు ఏడు నెలల వాడకం. అదే మేడ కింద నాలుగు వాటాలుంటే ఏడు వారాలకు కొంచెం ఎక్కువ. అంతస్తులు పెరిగిన కొద్దీ వాన మన అవసరాన్ని అందుకోలేదు. అయినా ఉప్పును అణచి ఉంచే బరువు మాత్రం ఆ వాననే. తమిళనాడులో 2003 నుండి ప్రతి భవనానికీ వాననీటి సేకరణ ఏర్పాటు తప్పనిసరి. చాల ఇళ్లలో అది పైపు రూపంలో ఉన్నది; పైపు చివర గుంత పూడిపోయి ఉంటుంది. సెప్టెంబరులో ఒక ఆదివారం గుంత తెరిపించి, గులకరాళ్లు కడిగించి, మేడ ఊడ్పించండి. మొదటి జల్లు నీటిని బయటికి వదిలి, తరువాతి దానిని నూతికో ఇంకుడు గుంతకో పంపండి. ఎట్టి పరిస్థితిలోనూ మురుగు కాలువలో కలపవద్దు. ఇసుక నేల గనుక ఇక్కడ ఇంకుడు గుంత పనిచేసినంత బాగా బంకమట్టి నేలలలో పనిచేయదు.

వాకిలంతా సిమెంటు పోసి, పైన టైల్స్ పరచుట శుభ్రతకు గుర్తుగా భావించేవారున్నారు. ముగ్గుకు కావలసినంత జాగా చాలు. తక్కినది ఇసుకగానే వదిలితే, కొబ్బరిచెట్టుకూ నూతికీ మేలు.

నీటితో పాటే మురుగు. నగరంలో కొత్తగా కలిసిన ఈ ప్రాంతాలలో భూగర్భ మురుగు కాలువలు దశలవారీగా వస్తున్నవి. మీ వీధికి వచ్చి ఉంటే తప్పక కలుపుకోండి. రానిచోట సెప్టిక్ ట్యాంకే గతి. ఇసుకలో వాన ఎంత సులభంగా ఇంకుతుందో మురుగూ అంతే సులభంగా ఇంకుతుంది, పక్కింటి నూతి దాకా పోతుంది. రెండు, మూడేళ్లకు ఒకసారి లైసెన్సు ఉన్న లారీ యంత్రంతోనే తీయించండి. ట్యాంకులోకి మనిషిని దింపుట 2013 నాటి చట్టం ప్రకారం నేరం. ఆ విషవాయువులకు ప్రాణాలు పోయిన సంఘటనలు దేశమంతటా జరుగుతూనే ఉన్నవి.

గాలి, వాన, ఇనుము

సముద్రపు గాలి గురించి పొగిడినవారు చాలమంది ఉన్నారు గనుక ఇక్కడ క్లుప్తంగా చెబుతాము. మే నెలలో పడమటి గాలి బలంగా ఉన్న రోజులలో అది ఆలస్యంగా వస్తుంది. వచ్చిన అరగంటలో ఇల్లు చల్లబడుతుంది. దానితో వచ్చే ఉప్పు తుంపర కిటికీ చువ్వలనూ, ఎయిర్ కండిషనర్ బయటి పెట్టెనూ, గోడలోని ఇనుమునూ తింటుంది. పైకప్పులో పెచ్చులు ఊడి ఇనుము కనిపిస్తే, రంగు వేసి దాచే ఇంటివారి మాట నమ్మవద్దు. ఇక వర్షాకాలంలో దిబ్బ మీది వీధులలో నీరు త్వరగా ఇంకుతుంది. కాలువ వైపు పల్లపు వీధులలో నిలుస్తుంది. పళ్లికరణై చిత్తడినేల నుండి వచ్చే వరద కూడ బకింగ్‌హాం కాలువ ద్వారానే సముద్రం చేరాలి. 2015 డిసెంబరులోనూ, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానులోనూ దక్షిణ చెన్నై పల్లపు ప్రాంతాలు మునిగినవి. ఇల్లు చూసుకొనేటప్పుడు ఆ రెండు సంవత్సరాలలో నీరు ఎంతవరకు వచ్చినదో వీధిలోని కిరాణా కొట్టు వారిని అడగండి. మధ్యవర్తి కంటె వారి జవాబు నమ్మదగినది.

తీరం మీద మనకంటె ముందున్నవారు

జనవరి నుండి ఏప్రిల్ దాకా రాత్రివేళ ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ ఇసుకలో గుడ్లు పెట్టుటకు వస్తవి. తమిళులు వాటిని పంగుని ఆమై అంటారు. పంగుని నెల మార్చి మధ్యలో మొదలవుతుంది. ఒక్కొక్క తాబేలు నూరుకు పైగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతుంది. సుమారు 50 రోజుల తరువాత పిల్లలు బయటికి వచ్చి, వెలుతురు ఎక్కువగా ఉన్న దిక్కుకు పరుగుపెడతవి. సృష్టిలో ఆ వెలుతురు సముద్రం మీది ఆకాశానిది. మన మేడ మీది దీపం అంతకంటె ప్రకాశంగా ఉంటే అవి రోడ్డు వైపు వచ్చి, చక్రాల కిందనో కాకుల నోటనో పోతవి. 1988 నుండి విద్యార్థి స్వచ్ఛంద సేవకులు ఈ తీరం వెంట రాత్రులు నడిచి, గుడ్లను సురక్షిత స్థలానికి చేర్చి, పిల్లలను సముద్రంలో వదులుతున్నారు. సముద్రం వైపు కిటికీలున్నవారు ఆ నాలుగు నెలలు రాత్రి పది దాటాక బయటి దీపాలు ఆర్పితే చాలు. గుడ్లు కనిపిస్తే ముట్టవద్దు. ఇవి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్నవి.

కుప్పం వారితో పరిచయం చేపల బేరంతోనే మొదలవుతుంది. 'అక్కా' అనే పిలుపు రెండు భాషలలోనూ ఒకటే కావడం మన అదృష్టం. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేటకు నిషేధం ఉంటుంది. ఆ రోజులలో చేప ఖరీదైతే అక్క మీద విసుక్కొనుట న్యాయం కాదు. తీరాన ఆరవేసిన వలలు తొక్కవద్దు. లాగి ఉంచిన పడవల నడుమ కారు నిలుపవద్దు. అది వాహనాలు నిలిపే స్థలం కాదు, వారి పనిచోటు. ఈత కొట్టే ముందు కూడ వారినే అడగండి. పైకి నెమ్మదిగా కనిపించే చోటనే లోపలికి లాగే ప్రవాహం ఉండవచ్చు. దానిలో చిక్కినవారు ఒడ్డుకు ఎదురీదక, తీరానికి సమాంతరంగా ఈది బయటపడాలి.

వీధిదీపం, చెత్త, వాననీటి కాలువ పూడిక వంటి ఫిర్యాదులకు నగర పాలక సంస్థ సంఖ్య 1913. దీపం గురించి చెప్పేటప్పుడు స్తంభం మీది సంఖ్య కూడ చెబితే పని త్వరగా అవుతుంది. సముద్రపు హెచ్చరికల కేంద్రం మాత్రం చెన్నైలో లేదు, హైదరాబాదులో ఉన్నది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత, 2007లో అక్కడి ఇన్‌కాయిస్ సంస్థలో దానిని నెలకొల్పినారు. సునామీలకే కాక, ఎగసిపడే అలలకు కూడ అక్కడి నుండి హెచ్చరికలు వస్తవి. అలాంటి రోజున సముద్రం ఉన్నట్టుండి వెనక్కి తగ్గి నేల బయటపడితే, చూచుటకు గాని గవ్వలు ఏరుటకు గాని దిగవద్దు. పిల్లలను తీసుకొని రహదారి దాటి పడమటికి పోండి. అంత వ్యవధి లేకపోతే దగ్గరలో ఉన్న గట్టి మేడ పై అంతస్తు ఎక్కండి. మొదటి అల తగ్గినా దిగవద్దు, తరువాతివి ఇంకా పెద్దవిగా రావచ్చు.